అన్న బండికి చెల్లెలి బరువు

తోటపల్లి గూడూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలున్న ఊళ్లలో సుశీల్ కుమార్ అంటే కొందరికి తెలియకపోవచ్చు గానీ, ఎత్తు బండి సుశీల్ అంటే అందరికీ తెలుసు. ఇసుకలోనూ బురదలోనూ గతుకుల్లోనూ నడిచే పెద్ద చక్రాల బండి అతనిది. దాన్ని రైలెక్కించి కోయంబత్తూరు, బెంగళూరు తీసుకుపోయి మట్టిదారి పోటీల్లో తోలేవాడు. మిగతా రోజుల్లో గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల మోటార్లు బాగుచేసేవాడు. పోటీల్లో ఎన్నిసార్లు పడ్డా ఒక్క ఎముకా విరగలేదు. పోయిన ఏడాది జూన్‌లో మాత్రం, ఒక స్నేహితుడి స్కూటర్ వెనక కూర్చుని వస్తుండగా, వెంకటాచలం దగ్గర హైవే మీద లారీ తగిలింది. స్నేహితుడు గీరుకుపోయి బయటపడ్డాడు. సుశీల్ ఎడమకాలు మోకాలి కింది నుంచి తీసేయాల్సి వచ్చింది. అప్పుడతనికి ఇరవై తొమ్మిదేళ్లు.

ఆసుపత్రి నుంచి రాగానే అతను చేయించిన మొదటి పని, బండి మీద టార్పాలిన్ కప్పించడం. కృత్రిమ కాలికి కొలతలు ఇవ్వడానికి నెల్లూరు రమ్మని రెండుసార్లు ఫోన్ వస్తే, గాయం ఇంకా ఆరలేదని చెప్పాడు. ఆరిపోయిందని తల్లి ఎలిశబెతుకి తెలుసు, రోజూ కడిగి కట్టు కట్టిందీ ఆమే. వరండాలో కుట్టుమిషను ముందు ఆమె, ఇంకో చివర మంచం మీద అతను, ఇద్దరూ మాట్లాడుకోకుండానే పగళ్లు గడిచేవి.

చెల్లెలు అబిగయీలు రొయ్యల పరీక్షలు చేసే ఒక ల్యాబులో పని చేసేది. పొద్దున్నే గుంటల దగ్గరికి పోయి నీళ్లు సీసాల్లో పట్టి, వలలో నాలుగు రొయ్యలు తీసి చూసి, ల్యాబుకి తేవడం ఆమె పని. గుంటల మీద పెట్టుబడి పెట్టిన రైతులు, ఈ అమ్మాయి రొయ్యను వెలుగులోకి ఎత్తి పట్టుకుని ఏం చెబుతుందా అని ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఆ పని ఆమెకు ఇష్టం. ల్యాబు గదిలో కూర్చోవడం కన్నా గట్ల మీద తిరగడం మరీ ఇష్టం. అయితే నవంబరు వానలకు గట్లన్నీ కోసుకుపోయాయి. ఆమె చిన్న స్కూటీ రోజుకో చోట కూరుకుపోయేది. ఒకరోజు మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చి, అన్నను బండి అడిగింది.

సుశీల్ టార్పాలిన్ కప్పిన బండి వైపు ఓసారి చూశాడు. తర్వాత తాళంచెవి దిండు కింద ఉందని చెప్పాడు.

అబిగయీలుకి గేర్ల బండి కొత్త కాదు. ఈ బండి ఎత్తు మాత్రం కొత్త. సీటు మీద కూర్చుంటే మునివేళ్లే నేలకు తగిలేవి. తిన్నగా పోయేటప్పుడు గతుకులన్నీ నడుముకి తెలిసేవి. మలుపు వచ్చిందంటే ముందు చక్రం ఆమె తిప్పిన వైపు పోకుండా బయటికి లాగేది. రెండో వారంలోనే రంగనాయకులు అనే రైతు గుంటల దగ్గర, గట్టు ఎడమకు తిరిగే చోట పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. ఇంటికొచ్చి, బండి మలుపు తిరగనంటోంది, నాకు తోలడం రావట్లేదేమో అని అన్నతో అంది. ఎట్టా పడ్డావని అతను అడిగాడు. ముందు చక్రం జారిందని చెప్పింది. అలవాటు కావాలి అని మాత్రం అన్నాడు.

ఇంకో పది రోజులకు మళ్లీ పడింది. డిసెంబరు మధ్యలో మూడోసారి, అదే ఎడమ మలుపులో, బండి ఆమె మీదే పడింది. రంగనాయకులు పరుగెత్తుకొచ్చి బండి లేపి, రొయ్యల మేత మోసే తన ఆటోలో ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. పిండికట్టు వేసి ఐదు వారాలు కదపొద్దన్నారు. ల్యాబు మేనేజరు చూడటానికి వచ్చి, కట్టు తీశాక ఆఫీసులోనే కూర్చోవచ్చనీ, గట్ల మీద తిరగడానికి ఇంకెవరినైనా పెడతామనీ మంచిమాటగానే చెప్పి పోయాడు. అబిగయీలు తలూపింది. ఆయన గేటు దాటాక గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రం సుశీల్ చంకకర్రలు తీసుకుని ఆమె మంచం దగ్గరికి వచ్చాడు. తనంతట తాను మంచం దిగి వరండా దాటడం చాన్నాళ్ల తర్వాత అదే మొదటిసారి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అబీ, నీకు తోలడం రాక పడలేదు నువ్వు."

"మరి ఎందుకు పడినాను?"

"అది నా బరువుకు బిగించిన బండి. నాది ఎనభై ఎనిమిది కిలోలు. నీది యాభై రెండు. పైగా ఎత్తుల మీద నుంచి దూకడానికని స్ప్రింగులు ఇంకా గట్టిగా బిగించినా. నువ్వెక్కితే అవి దిగవు. ముందు చక్రం మీద బరువు పడదు, నేలను పట్టుకోదు. మలుపులో జారతాది. నువ్వు మొదటిసారి పడి వచ్చిన రోజే నాకు తెలుసు."

అబిగయీలు లేచి కూర్చుంది. "తెలిసి ఎందుకు చెప్పలా?"

అతను నేలవైపు చూస్తూ అన్నాడు. "స్ప్రింగులు నీకు సరిచేస్తే బండి నీదైపోతాది గదా. అది ఇంకెవురికీ లొంగకూడదని అనుకున్నా. ఎముక విరిగేదాకా వస్తాదని అనుకోలా. అయినా చెప్పలా."

ఆమె మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపు చూసి అతను లేచి వెళ్లిపోయాడు. వరండాలో ఎలిశబెతు మిషను తొక్కడం ఆపి వింటూనే ఉంది.

ఆ తర్వాత అబిగయీలు అన్నతో మాట్లాడటం మానేసింది. ఏదైనా కావాలంటే తల్లితో చెప్పించేది. క్రిస్మస్ అట్లాగే గడిచింది. ఇంటికి వచ్చిన పాటల బృందం ముందు ఇద్దరూ పక్కపక్కనే నిలబడి పాడారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. జనవరి మొదటి ఆదివారం చర్చిలో బల్ల, అంటే యేసు పేరున పంచే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చారు. రొట్టె పళ్లెం తన దగ్గరికి వస్తే, అబిగయీలు ముట్టుకోకుండా పక్కామెకు అందించింది. సహోదరుడి మీద కోపం పెట్టుకుని బల్లలో చెయ్యి వేయకూడదని చిన్నప్పటి నుంచి విన్నమాట. ఎలిశబెతు అది చూసింది. ఇంటికొచ్చి కొడుకుతో ఆ ఒక్కమాటే చెప్పి వంటింట్లోకి పోయింది.

సుశీల్ అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. చెల్లెలే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ మీద కోపం పోలా అన్నా," అంది. "పొయ్యేదాకా ఆగితే నా పని పోతాది. కట్టు తీసేలోగా బండి సరిచెయ్యి."

మర్నాడు పొద్దున్నే అతను, ఆమె పడ్డాక బండి మీద మళ్లీ కప్పిన టార్పాలిన్ తీయించాడు. పడ్డ చోట ఫుట్‌రెస్టు వంగింది, అద్దం పగిలింది. మిగతా బండి బాగానే ఉంది. వెనక స్ప్రింగు బిగువును మార్చే ఇనుప రింగు మాత్రం సముద్రపు గాలికి తుప్పు పట్టి కదల్లేదు. నేల మీద గోనెసంచి వేసుకుని కూర్చుని, కిరోసిన్ పోసి, మధ్యాహ్నం దాకా ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తట్టాడు. రింగు మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క ఒకటి ఉంది. తన బిగువు ఎక్కడుందో మరిచిపోకుండా పోటీలకు ముందు పెట్టుకున్న గుర్తు అది. చాలాసేపు దాన్ని చూసి, ఉలి కొనతో గీకేశాడు. ఆ తర్వాత రింగు తిరిగింది.

అప్పుడు చెల్లెల్ని పిలిచి, పనికి ఎట్ట పోతావో అట్ట తయారై రమ్మన్నాడు. బూట్లు, హెల్మెట్, సీసాలు పెట్టే ఐసు డబ్బా, అన్నీ కావాలన్నాడు. పిండికట్టు చెయ్యి మెడకు వేలాడుతుండగా ఆమె బండెక్కింది. ఎలిశబెతు ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుంది. సుశీల్ తల్లి కుట్టు టేపుతో వెనక చక్రం ఇరుసు నుంచి సీటు కింద గీసిన గీత దాకా కొలిచాడు. చక్రం గాల్లో వేలాడినప్పుడు యాభై ఆరు సెంటీమీటర్లు. ఆమె కూర్చున్నాక యాభై రెండు. పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన కూడా వచ్చి చూస్తున్నాడు. మనిషి కూర్చుంటే బండి ఏడు సెంటీమీటర్లన్నా దిగాలని, అప్పుడే చక్రం నేలను వదలకుండా గుంతలోకీ దిగుతుందని సుశీల్ అందరికీ వినబడేట్టు చెప్పాడు. అన్నేసి మాటలు అతని నోట విని తల్లికి ఏడు నెలలు అయింది. రింగు రెండు చుట్లు వదులు చేసి కొలిచాడు. ఇంకో చుట్టు, ఇంకో అర చుట్టు. నలభై తొమ్మిది దగ్గర ఆగాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల్లోనూ బిగువు తగ్గించాడు. అబిగయీలు పాదాలు సగం దాకా నేలకు ఆనాయి.

జనవరి ఆఖరులో పిండికట్టు తీశారు. ఇంకో రెండు వారాలు చేతికి వ్యాయామం చేశాక, రంగనాయకులు పంట పట్టేసి ఎండబెట్టిన గుంట దగ్గరికి అన్నాచెల్లెళ్లు పోయారు. సుశీల్‌ని ఆయనే తన ఆటోలో తీసుకుపోయి, ఆమె పడిన మలుపు దగ్గర ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

మొదటిసారి వచ్చినప్పుడు బండి గతుకుల మీద మెత్తగానే వచ్చింది గానీ, మలుపులో మునుపటికన్నా ఎక్కువే బయటికి పోయింది. అబిగయీలు గట్టు అంచున ఆపి, మొహం తెల్లబోయి అన్న వైపు చూసింది. సుశీల్ తనదే పొరపాటన్నాడు. వెనకభాగం ఎక్కువ దిగింది, దానికి తగ్గట్టు ముందుభాగం దిగలేదు. ఇంజను కింద దిమ్మె పెట్టించి, ఫోర్కు గొట్టాల బిగింపులు వదులు చేసి, గొట్టాలను ఐదు మిల్లీమీటర్లు పైకి జరిపి బిగించాడు. ఆ మేరకు హ్యాండిల్ వైపు బండి కిందికి వాలింది. సుశీల్ లేవబోయి పట్టు తప్పి పక్కకి పడ్డాడు. రంగనాయకులు చంకల కింద చేతులేసి లేపి, మట్టి దులిపాడు.

"కాలు పెట్టించుకో నాయనా," అన్నాడు. "ఇట్ట ఎన్నాళ్లు పడతావు? పాపకు ఒక దోవ చెప్తా ఉండావు, నువ్వొక దోవ పోతా ఉండావు."

సుశీల్ స్టూలు మీద కూర్చుని, మళ్లీ రమ్మని చెల్లెలికి చెయ్యి ఊపాడు.

రెండోసారి బండి మలుపులోకి తేలిగ్గా వాలింది. సగం తిరిగాక అబిగయీలు యాక్సిలరేటర్ తిప్పగానే ముందుభాగం ఒక్కసారిగా పైకి లేచి చక్రం పక్కకు జారబోయింది. ఆమె కాలు ఆనించి నిలబెట్టుకుంది. నొక్కుకున్న స్ప్రింగు మరీ త్వరగా లేస్తోందని సుశీల్ చెప్పి, ఫోర్కు దగ్గరి చిన్న మరను రెండు క్లిక్కులు బిగించాడు. ఈసారి సీటు మీద ముందుకు జరిగి కూర్చోమన్నాడు. చక్రాన్ని చూడొద్దు, మలుపు అయిపోయాక పోవాల్సిన చోటును చూడమన్నాడు.

మూడోసారి ఆమె నెమ్మదిగా వచ్చింది. ముందు చక్రం ఎండిన మట్టిలో చిన్న చాలు గీస్తూ లోపలి అంచు వెంబడే తిరిగింది. బయటికి వచ్చాక ఆమె ఆగకుండా గట్టు చివరిదాకా పోయి తిరిగొచ్చింది. బండి దిగకుండానే హెల్మెట్ తీసింది. ఏడుస్తోంది.

"చెయ్యి నొప్పా?" అని అడిగాడు సుశీల్.

"కాదు. ఇంత తేలిక్కా ఇది? ఇన్నాళ్లూ నాకు చేతకాదనుకుంటి గదన్నా."

అతను చంకకర్ర మీద ఆనుకుని ఆమె దాకా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తప్పైపోయింది అన్నాడు. ఆమె ఆ చెయ్యి తీసేయలేదు.

ఫిబ్రవరి ఆఖరులో అబిగయీలు మళ్లీ గట్ల మీదికి పోయింది. మళ్లీ పడుతుందేమో ఒక నెల చూసి చెబుతానన్న మేనేజరు రెండో వారానికే ఆ మాట మరిచిపోయాడు. సుశీల్ నెల్లూరు పోయి కాలికి కొలతలిచ్చాడు. మార్చి నుంచి కొత్త కాలుతో వరండాలో గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్నాడు. నొప్పికి తిట్టుకుంటాడు, మళ్లీ లేస్తాడు. మేత కంపెనీల్లో తిరిగే ఇద్దరు కుర్రాళ్లు తమ బండ్లు కూడా చూడమని తెచ్చారు. వాళ్లను బరువెంతో చెప్పమని అడిగి, చెప్పిన అంకె నమ్మకుండా బియ్యం తూకం మీద నిలబెట్టాడు.

ఒక సాయంత్రం అబిగయీలు పని నుంచి వచ్చి, కుడి మలుపు బాగుంది గానీ ఎడమ మలుపులో ఇప్పటికీ కాలు ఆనించాల్సి వస్తోందని చెప్పింది. ఇంకో క్లిక్కు తిప్పమంది. సుశీల్ బండి చుట్టూ మెల్లగా నడిచి, ముందు భాగాన్ని రెండుసార్లు నొక్కి చూశాడు.

"స్ప్రింగుల్లో ఏం లేదు," అన్నాడు. "ఎడమపక్కే గదా పడి చెయ్యి విరగ్గొట్టుకున్నావు. అది నీకు గుర్తుండాది. దానికి నా దగ్గిర స్పానర్ లేదు. తిరగతా తిరగతా పోవాల."

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ ఎండిన గుంటకు పోయారు. ఈసారి ఆటో పిలవలేదు. బండి వెనక సీటు మీద సుశీల్ కూర్చున్నాడు, తన బరువుకు వెనక స్ప్రింగు అడుగుదాకా దిగిపోతుంటే నెమ్మదిగా పొమ్మని దారంతా గొణిగాడు. గుంట మధ్యలో దిగి, చేతికర్ర నేలలో గుచ్చి, దాని చుట్టూ ఎడమకే తిరగమన్నాడు. ఆమె తిరుగుతుంటే పైకి లెక్కపెట్టాడు. మొదటి ఐదు చుట్లలోనూ ఆమె కాలు నేలకు తగిలింది. ఆరోది తగల్లేదు. ఏడు, ఎనిమిదిలో మళ్లీ తగిలింది. పదో చుట్టు కాలు ఆనించకుండా పూర్తిగా తిరిగి, అతని ముందు ఆపి, చాలా అని అడిగింది.

ఇంకో పది అన్నాడు సుశీల్. ఆమె నవ్వుతూ తిట్టి, క్లచ్ వదిలింది.