పాడైపోయిందన్న ఫొటో

లెన్సు తుడుచుకునే పసుపు గుడ్డ పొయ్యి గట్టు మీద తడిసి ముద్దై కనిపించేసరికి పున్నారావుకి నోట్లో కాఫీ చేదెక్కింది.

"దీంతో గట్టు తుడిచావా?"

"ఇంకోటి చేతికందలేదు," అంది వెంకటలక్ష్మి దోసె తిరగేస్తూ. "వారానికి మూడు ఫొటోలు తీస్తావు. ఆ గుడ్డకి పట్టుచీరంత మర్యాదా?"

"నూనె అంటితే లెన్సు పాడైపోద్ది."

"ఉతికి ఆరేస్తాలే. పొద్దున్నే గుడ్డ మీద పంచాయితీ పెట్టబాక."

ముందు గదిలో అతని తల్లి మహాలక్ష్మమ్మకి ఈ మాటలేవీ పట్టలేదు. కోడలు కట్టిన కనకాంబరాల దండని గోడ మీది ఫొటోకి వేస్తోంది. రెండు జడలు, తెల్ల గౌను, పదేళ్ళ పిల్ల. ఉప్పెనలో కొట్టుకుపోయిన కూతురు కుమారికి ఆవిడ రోజూ వేసే దండ అది. అద్దం మీద కుంకుమ పెట్టి, చెంగుతో అంచులు తుడిచి, ఒక్క క్షణం నిలబడుతుంది. పున్నారావు అటు చూడకుండా చెప్పులేసుకున్నాడు. ముప్పై అయిదేళ్ళుగా అలాగే వేసుకుంటున్నాడు.

కోడూరు సెంటర్లో అతని స్టూడియో ఒకే గది. గోడకి అద్దం, దారంతో కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా, ఒక కాలు పొట్టిదైన స్టూలు. ఇప్పుడు పెళ్ళిళ్ళకి కుర్రాళ్ళు బందరు నించి డ్రోన్లు తెస్తున్నారు. దరఖాస్తుల ఫొటోలు ఎవరి ఫోన్లో వాళ్ళే తీసుకుంటున్నారు. పున్నారావు దగ్గరికి వచ్చేది ముసలివాళ్ళు, ఫోను సరిగా పట్టుకోవడం రానివాళ్ళు. షట్టరెత్తడానికి ఈమధ్య రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

తొమ్మిదింటికి బందరు ఫొటోగ్రాఫర్ల సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. ఆదివారం సీనియర్లకి శాలువాలు కప్పుతారట. "మీకు ఈ పనిలో స్ఫూర్తి ఏంటో రెండు ముక్కలు రాసి వాట్సాప్‌లో పెట్టండి. స్టేజీ మీద చదువుతాం," అన్నాడు.

పున్నారావు ఫోన్లో 'మా అమ్మ' అని కొట్టి, చెరిపేశాడు.

ఉప్పెన తరవాత పన్నెండేళ్ళు అమ్మ అతన్ని ఒకటే అడిగేది. "కుమారి ముక్కు ఎట్టా ఉండేదిరా? నాకు ఆనవాలు రావట్లేదు." ఇంట్లో ఒక్క ఫొటో లేదు. అతనికీ ఆనవాలు రాలేదు. ఆ అడగడం భరించలేకే చేపల వల మానేసి బందరు వెళ్ళి, ఒక స్టూడియోలో పని నేర్చుకున్నాడు. అదే స్ఫూర్తి. కాని ఆ తరవాత చేసింది ఏ స్టేజీ మీదా చదివేది కాదు.

పదకొండింటికి ఒక మనిషి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. చొక్కా జేబులో మందుల చీటీలు ఉబ్బెత్తుగా ఉన్నాయి.

"నేను పాలకాయతిప్ప ఏసుపాదాన్నండి. మా ఆడది కృపమ్మకి బాగోలేదు. బందరు ఆసుపత్రోళ్ళు ఇంటికి తీసకెళ్ళమన్నారు. మందులకి జుట్టంతా ఊడిపోయింది." "చిన్నప్పుడు రెండు జడలతో మీ దగ్గర ఫొటో దిగిందంట. అది పాడైపోయిందన్నారంట. ఎక్కడన్నా ముక్క ఉంటే చూస్తానని నిన్నటి నించీ ఒకటే గోల. అందుకని వచ్చానండి."

"కూర్చో ఏసుపాదం."

"వద్దండి. అది ఒక్కతే ఉంది. వెతికి పెడతారా?"

"సాయంత్రానికి చూస్తా," అన్నాడు పున్నారావు. ఆ మనిషి దణ్ణం పెట్టి సైకిలెక్కాడు.

వెతకాల్సింది ఏమీ లేదు. అతను స్టూడియో పెట్టిన ఏడు క్రిస్మస్ ముందర ఎండుచేపలమ్ముకునే సంతోషమ్మ తన కూతురు కృపమ్మకి ఎవరిదో గౌను అడిగి తొడిగి తీసుకొచ్చింది. ఆ పిల్ల తల ఎత్తి కెమెరాలోకి చూసిన చూపుకి పున్నారావు చెయ్యి ఆగిపోయింది. చెల్లెలు ఇలాగే ఉండేదేమో అనిపించింది. ఆ రాత్రే ఫొటో పెద్దది చేసి, సన్న కుంచెతో నుదుట బొట్టు, చెవులకి పోగులు దిద్దాడు. కుమారి బడిలో తీసిన గ్రూపు ఫొటో బందరులో దొరికిందని, అందులోంచి పెద్దది చేశానని అమ్మకి చెప్పాడు. ఆవిడ చాలాసేపు చూసి, "ముక్కు ఇదే," అంది. ఆ తరవాత ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

సంతోషమ్మకి ఇంకో ప్రింటు తియ్యొచ్చు. కాని ఒకే ముఖం రెండిళ్ళ గోడల మీద ఎన్నాళ్ళు దాగుతుంది? రీలుకి వెలుతురు తగిలి పాడైందన్నాడు. మళ్ళీ తీస్తానన్నాడు. "గౌను ఇచ్చేశానయ్యా," అంది ఆవిడ. నెగెటివుని తనే కాల్చేశాడు.

మధ్యాహ్నం కెమెరా తీసుకుని ఇంటికొచ్చాడు. ఫొటోకి ఫొటో తీసుకుంటే, బొట్టూ పోగులూ కంప్యూటర్లో పావుగంటలో తీసేయొచ్చు. అమ్మకి తెలియక్కర్లేదు. వెంకటలక్ష్మి డాబా మీద ఉంది. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అతను కెమెరా ఎత్తాడు. ఫొటో అద్దంలో పిల్ల ముఖానికి అడ్డంగా మంచం మీద లేచి కూర్చున్న అమ్మ కనిపించింది.

"ఏంట్రా, దాన్ని తీస్తన్నావా?"

"అద్దంలో నువ్వు పడుతున్నావే. ఒకసారి దించి..."

"దించబాక. మేకు ఊడిద్ది. నన్నే పక్కకి జరగమను."

ఆవిడ చేతికర్ర కోసం తడుముకుంటుంటే అతను కెమెరా సంచిలో పెట్టేశాడు. "తరవాత తీస్తాలేమ్మా," అన్నాడు.

స్టూడియోకి తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పింఛను కోసం ఒక ముసలాయన వస్తే ఫొటో తీశాడు. ఏసుపాదానికి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాడు. నాలుగూ అబద్ధాలే. అయిదింటికి షట్టరు దించుతుంటే పాలకాయతిప్ప ఆటో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"పున్నారావుగారూ, ఏసుపాదం చెప్పమన్నాడు. ఇంక వెతకొద్దంట. ఆవిడ మూడింటికి పోయింది."

ఆటో వెళ్ళిపోయింది. ఇప్పుడు అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అతను బండి తోసుకుంటూ ఇంటికి నడిచి వెళ్ళాడు.

రాత్రి అన్నాల దగ్గర వెంకటలక్ష్మి చేపల పులుసు వడ్డించింది. అతను ముద్ద కలిపి, అలాగే పట్టుకుని అన్నాడు.

"రేపు ఆ ఫొటో పాలకాయతిప్ప వాళ్ళకి ఇచ్చేస్తున్నాను. అది కుమారి కాదమ్మా. సంతోషమ్మ కూతురు కృపమ్మ. ఇవాళ పోయింది. పొద్దున మొగుణ్ణి పంపి అడిగింది, నేను ఇవ్వలేదు."

మహాలక్ష్మమ్మ నోట్లోది మెల్లగా నమిలి మింగింది.

"ఆ పిల్ల తల్లి ఫొటో కోసం రాలేదా?"

"మూడుసార్లు వచ్చింది."

"ఏం చెప్పావు?"

"రీలు పాడైందన్నాను."

ఆవిడ కంచంలో చెయ్యి కడిగేసుకుంది. సగం అన్నం అలాగే ఉంది.

"మూడుసార్లు తిప్పి పంపావా," అంది. ఇంకేదో అంటుందని అతను ఎదురుచూశాడు. "రేపు కాదు. శవం లేవకముందే ఇచ్చి రా. దించు."

అతను స్టూలేసుకుని దించాడు. ఆవిడ దండ తీసి, అద్దం మీది కుంకుమని బొటనవేలితో తుడిచింది. అది చారికైంది. వెంకటలక్ష్మి లోపలికి వెళ్ళి, ఉతికి ఆరేసిన పసుపు గుడ్డ తెచ్చి అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ అద్దమంతా తుడిచి, పిల్ల ముఖం ఒకసారి చూసి, కొడుక్కి అందించింది.

"ఆదివారం బందరు వెళ్ళను," అన్నాడు పున్నారావు చెప్పులేసుకుంటూ.

బండి చప్పుడు దూరమైంది. మహాలక్ష్మమ్మ చేతిలోని దండ ఎక్కడ పెట్టాలో తోచక అటూ ఇటూ చూసింది. చివరికి కర్ర గోడకి ఆనించి, మునివేళ్ళ మీద లేచి, ఖాళీ మేకుకే తగిలించింది. పొద్దుటి కనకాంబరాలు ఇంకా వాడలేదు.