కుడివైపు చెయ్యి

ఆ మిషన్ కాలేజీ కోచ్‌కి నోరు పెద్దది, భక్తి అంతకన్నా పెద్దది. అడవి దారిలో పరుగు ముగిశాక అమ్మాయిలంతా ఆయనతో కలిసి గుండ్రంగా నిలబడి, చేతులు పట్టుకుని ప్రార్థన చేయాల్సిందే. ఎవరూ వెనకబడిపోకుండా కెప్టెన్ అందరికన్నా చివర పరిగెత్తేది. ఆమె వచ్చి ఆయన కుడిచెయ్యి పట్టుకుందంటే ఇక అడవిలో ఎవరూ మిగల్లేదని లెక్క.

ఆ పొద్దున పక్క మనిషి మొహం కూడా పోల్చుకోలేనంత మంచు. కోచ్ కుడిచేతిలోకి ఒక చెయ్యి వచ్చి చేరింది. ఐసుముక్కలా ఉంది.

"ఇంత ఆలస్యమేంటమ్మా? నీకన్నా నత్తలు నయం!" అని విసుక్కుని, కళ్లు మూసుకుని ప్రార్థన చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. కుడివైపు నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

అంతలో అడవివైపు నుంచి బూట్ల చప్పుడు. కెప్టెన్ రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"అదేంటి సార్, నేను రాకుండానే ప్రార్థన కానిచ్చేశారు?"

కోచ్‌కి కుడివైపు, ఆ చేతికి అవతల నిలబడ్డ పిల్ల అడిగింది.

"నువ్వక్కడుంటే, నా చెయ్యి పట్టుకున్నదెవరక్కా?"

కోచ్ తల తిప్పకుండానే మెల్లగా చెయ్యి విడిపించుకోబోయాడు. ఆ చెయ్యి పట్టు బిగించింది.