రెండు వందల పదమూడో ఫిర్యాదు

ఆయనను ఆ భవనంలో అందరూ కామాగారు అనేవారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయినా చేతి దురద పోలేదు. లిఫ్టు పక్కన అంటించిన నోటీసుల్లో కూడా ఎర్రసిరాతో కామాలు పెట్టి వచ్చేవారు. మనిషి మంచివారే. ఎటొచ్చీ చెవులే మరీ పాము చెవులు.

తొమ్మిదేళ్ళ కిందట సరిగ్గా ఆయన నెత్తిమీది వాటాలో ఒక ఒంటరి పెద్దమనిషి దిగాడు. దిగిన రోజే గోడలకు మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. కామాగారు కంప్యూటరు ముందు కూర్చుని మర్యాదగా ఒక ఉత్తరం టైపు చేసి, ప్రింటు తీసి, మధ్యాహ్నం భోజనమయ్యాక మెట్లెక్కి పైవాటాయన తలుపు కింద నుంచి లోపలికి తోసి వచ్చారు. అరగంట తిరక్కుండా పైన బరబరమని ఏదో ఈడ్చిన చప్పుడు. జవాబివ్వకపోగా ఈడ్చి మరీ చూపిస్తాడా! కామాగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకో ఉత్తరం రాశారు. ఇంకో బరబర వినిపించింది. అలా తొమ్మిదేళ్ళలో ఉత్తరాలు రెండు వందల పన్నెండయ్యాయి.

చివరికి భవనం కమిటీవాళ్ళు దిగివచ్చారు. వచ్చే నెల మొదటి ఆదివారం ఇద్దరి మాటా వింటామనీ, ఇంతవరకు రాసిన ఉత్తరాలన్నీ వరసగా పట్టుకురమ్మనీ కబురు చేశారు. కామాగారికి పెళ్ళికొడుకు కళ వచ్చింది.

సరిగ్గా అప్పుడే కొత్త చప్పుడొకటి మొదలైంది. టిక్, టిక్, టిక్. కాసేపు ఆగి, మళ్ళీ టిక్, టిక్.

"విన్నావా? పేరు పెట్టలేని చప్పుడు కనిపెట్టాడు ఈసారి," అన్నారు భార్యతో.

"పై నుంచి కాదేమోనండీ. మీ బల్ల దగ్గరే వినిపిస్తోంది నాకు," అందావిడ.

"నీకేం తెలుసు? గోడలో నుంచి దిగుతుంది శబ్దం."

వెంటనే రెండు వందల పదమూడో ఉత్తరం మొదలుపెట్టారు. ఏ రోజు ఏ గంటకు ఎన్నిసార్లు టిక్కుమందో పంతొమ్మిది రోజుల లెక్క అందులో ఎక్కించారు. ఆ పంతొమ్మిది రోజులూ కంప్యూటరు నత్తలా నడిచింది. ఉత్తరం ఎలాగో పూర్తిచేసి ప్రింటు తీసి పైకి చేరవేశారు. మర్నాడు కమిటీ కోసం పాతవన్నీ ప్రింటు తీద్దామని కూర్చుంటే, మొదటి ఫైలు చదవడం కుదరలేదని తెరమీద రాతపడింది. రెండోది తెరుచుకుంది గానీ అందులో అక్షరాలకు బదులు గళ్ళున్నాయి.

కామాగారు కంప్యూటరు ఆపి, తిరిగి వేశారు. వెనక తీగలు పీకి, తుడిచి, మళ్ళీ గుచ్చారు. ఎదురింటి డ్రైవరు చెప్పాడని డిస్కులో తప్పులు వెతికే ప్రోగ్రాము నడిపించారు. అది పదకొండు శాతం దగ్గర కూలబడి పొద్దుగూకేదాకా లేవలేదు. టిక్కుటిక్కు మాత్రం రెట్టింపైంది. మర్నాడు పెట్టెను తువ్వాలులో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని రిపేరు షాపుకు తీసుకెళ్ళారు.

షాపు నడిపే అమ్మాయి పెట్టె విప్పి, కరెంటు ఇచ్చి, చెవి దగ్గరగా పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి వస్తోంది బాబాయ్‌గారూ ఈ చప్పుడు?"

కామాగారు కూడా చెవి పెట్టారు. టిక్, టిక్, టిక్. కాసేపు ఆగి, మళ్ళీ టిక్, టిక్. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

"ఇరవై రోజులు," అన్నారు.

"అబ్బ, అంత కచ్చితంగా ఎవరూ చెప్పరండీ. లోపల చదివే ముల్లులాంటిది ఒకటుంటుంది. ఒకచోట చదవలేకపోతే వెనక్కి వచ్చి మళ్ళీ చూస్తుంది. ఆ వచ్చినప్పుడల్లా ఇదే చప్పుడు. మొదటి రోజే ఆపేసి తెచ్చుంటే అన్నీ వచ్చేసేవి."

"నిన్న చెకింగ్ కూడా పెట్టానమ్మా."

"అయ్యో! కాలు విరిగినవాణ్ణి పరుగు పందేనికి తోలినట్టండీ అది. చదవగలిగినంత ముందు కొత్త డిస్కులోకి ఎత్తేసుకోవాలి. మొండికేసిన చోట్లు వదిలేసి, చివర్లో చూసుకోవాలి. రెండు రోజులు టైమివ్వండి."

రెండు రోజుల తరవాత ఫైళ్ళ పేర్లు రెండు వందల పదమూడూ వచ్చాయి. లోపలి సరుకే రాలేదు. ఒక ఉత్తరం "అయ్యా, నిన్న సాయంత్రం మీ ఇంటి నుంచి" అని మొదలై, రెండు పేజీల గళ్ళూ ప్రశ్నార్థకాలూ దాటి, "ఇట్లు, శాంతికాముకుడు" అని ముగిసింది. బాగున్నవి పట్టుమని పది లేవు.

"వేరే ఎక్కడైనా కాపీ పెట్టారా?"

"లేదమ్మా."

"పోనీ ఇవి ఎవరికైనా పంపినవేనా?"

"ఊఁ."

"ఇంకేం మరి, వాళ్ళనే అడగండి!" అంది ఆ అమ్మాయి, కొండంత బరువు దించేసినట్టు.

కామాగారు రెండు పూటలు అన్నం సయించక, మూడోపూట మెట్లెక్కారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ తలుపు తట్టారు. పైవాటాయన తీశాడు. పొట్టి మనిషి, ముక్కుమీద కళ్ళజోడు.

"చెప్పండి. చప్పుడేమన్నా అయిందా?" అన్నాడు కంగారుగా. "గోడగడియారం ఆపేశానే! టిక్కుటిక్కన్నారని మొన్ననే బ్యాటరీ తీసేశాను."

కామాగారు పాత ఉత్తరాల సంగతి అడిగారు. కంప్యూటరు పాడైందన్నారు గానీ ఆ టిక్కుటిక్కు దానిదేనని చెప్పలేదు.

"ఎందుకు లేవండీ, ఉన్నాయి. కూర్చోండి," అంటూ పైవాటాయన మూలనున్న ఎత్తు స్టూలును రెండు చేతులా పట్టుకుని అల్మారా దాకా లాగాడు.

బరబర.

కామాగారు కుర్చీలో ఉలిక్కిపడ్డారు. ఆ మనిషి స్టూలెక్కి, పైఅరలో నుంచి దారాలతో కట్టిన నాలుగు ఫైళ్ళు దించాడు. ప్రతి ఉత్తరం మీదా అందిన తేదీ, వరస నంబరు. ముందర విషయసూచిక.

"నేను ఆఫీసులో రికార్డు రూము చూసేవాణ్ణండీ. ఉత్తరం రాగానే ఎక్కించి పెట్టేయకపోతే నాకు నిద్ర పట్టదు."

"ఉత్తరం అందిన అరగంటకు ఈ స్టూలు..."

"అవునండీ, అందదు కదా పైఅర."

"ఆ మాట ఒక్క ముక్క నాకు రాసి పడేస్తే పోయేదిగా?"

"లాగొద్దనే రాశారు గానీ, ఎందుకు లాగుతున్నారని మీరు ఎప్పుడూ అడగలేదు. అయినా వచ్చింది భద్రం చేయడమే మా సెక్షను. జవాబులు రాసేది వేరే సెక్షను."

కాగితం గుమ్మం దాటడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ఫొటోలు తీసుకోమన్నాడు. కామాగారి ఫోనులో ఫొటోలు బూడిద చల్లినట్టు వస్తాయి. కనుక వారం రోజులు భోజనం కాగానే పైకి వెళ్ళి, తన ఉత్తరాలు తనే చేత్తో ఎత్తి రాసుకున్నారు. కొన్నిచోట్ల చదువుతుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. "మీబోటి సంస్కారహీనులు" అని రాసిన పేజీ దగ్గరికి వచ్చేసరికి, ఆ సంస్కారహీనుడు పక్కనే టీ కప్పు పెట్టి వెళ్ళాడు. కింద తన వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే ఆ గది నేల సన్నగా వణికింది. పైవాటాయన పట్టించుకోలేదు. కామాగారు మాత్రం తలెత్తలేదు.

ఆఖరి రోజు పెద్ద చిక్కొచ్చింది. తప్పని తెలిసిన అక్షరాన్ని బయటికి పంపడం కామాగారి వల్ల కాని పని. బరబర అవమానం కాదు. టిక్కుటిక్కు ఆ మనిషిది కానే కాదు. ఏం చేయాలి? అచ్చాఫీసులో పుస్తకానికి చేసినట్టే చేశారు. ఉత్తరాల కట్ట చివర ఒక తప్పొప్పుల పట్టిక కుట్టారు. 'చప్పుడు కావాలని చేసినది' అన్నచోటల్లా 'ఫిర్యాదును భద్రపరచుటకు చేసినది' అని చదువుకోవాలి. రెండు వందల పదమూడో ఉత్తరంలో 'మీ ఇంటి' అన్నచోట 'నా కంప్యూటరు' అని చదువుకోవాలి.

ఆదివారం కమిటీ అధ్యక్షురాలు కట్ట మందం చూసి, ఒక నిట్టూర్పు విడిచి, చివరి పేజీ ఒక్కటే చదివింది. ఐదు నిమిషాల్లో తీర్పు వచ్చింది. ఫైళ్ళు కిందిఅరలో పెట్టాలి. కేసు కొట్టివేయడమైనది.

"గెలిచారా?" అని అడిగింది భార్య, ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే.

"తప్పులన్నీ నావేనని నేనే రాసిచ్చాను. కాగితం మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నారు."

"ఉంటుంది మరి," అందావిడ.

ఆ కాగితం చూసే, అధ్యక్షురాలు వారం తిరక్కుండా ఇద్దరికీ ఒక పని అప్పగించింది. వీధి దీపం వెలగడం లేదని మునిసిపల్ ఆఫీసుకు అర్జీ పెట్టాలి. కామాగారు రాయాలి, పైవాటాయన నకలు భద్రం చేయాలి. అర్జీ 'దయచేసి' అని మొదలుపెట్టాలంటాడు పైవాటాయన, లేకపోతే ఆఫీసులో దాన్ని ఫిర్యాదుల ఫైలులో పడేస్తారని. ఇది ఫిర్యాదే గదా, దేబిరించడమెందుకంటారు కామాగారు. రోజూ మధ్యాహ్నం ఆ వాటాలోనో ఈ వాటాలోనో కూర్చుని తేల్చుకుంటున్నారు. నెల దాటింది. వీధి ఇంకా చీకటిగానే ఉంది.