ఆరు మీటర్ల తివాచీ

జూన్‌లో వచ్చే నడివేసవి పండక్కి ముందు ఇంట్లో తివాచీలన్నీ సరస్సు ఒడ్డున ఉన్న ఉతికే రేవుకు చేరాలి. ఫిన్లాండులో మా కువోపియో ఊళ్ళో ఇది ఎవరూ చెప్పకుండానే జరిగిపోయే పని. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి కదా, మానేద్దామని నాకు తోచలేదు. తోచి ఉంటే బాగుండేదని రేవు చేరకముందే అనిపించింది. బస్సు దిగి చక్రాల బండి లాక్కుంటూ నడిచిన ఆ కాస్త దూరానికే ప్రాణం ఉసూరుమంది.

మా ఆడపడుచు సిర్కా అప్పటికే తన మూడు చిన్న తివాచీలూ ఉతికి ఆరేసి, బల్ల మీద కూర్చుని మేజోడు అల్లుకుంటోంది. నా బండిలో ఉన్న పెద్ద చుట్టను చూడగానే మొహం చిట్లించింది.

“మళ్ళీ దాన్నే మోసుకొచ్చావా వదినా? లాండ్రీలో పడేస్తే నీ సొమ్మేం పోయింది?”

“మా అమ్మ నేసింది. ఇంకొకరి చేతికివ్వను.”

“మీ అమ్మ నీ వయసుదాకా బతకలేదు కాబట్టి సరిపోయింది.”

చుట్ట విప్పాను. ఆరు మీటర్ల పొడుగు. పాత బట్టలన్నీ పేలికలుగా చింపి అమ్మ నేసింది. సరిగ్గా నడిమధ్యన ఉన్న బూడిదరంగు పట్టీ నాన్న యుద్ధంలో తొడుక్కున్న కోటు. దాని పక్కన నీలం పట్టీ నా బడి గౌను. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ప్రతి వేసవిలో దీన్ని నేనే ఉతుకుతున్నాను, నేనే ఎత్తి ఆరేస్తున్నాను.

నిరుడు చలికాలంలో మంచు మీద జారిపడ్డాక కుడి భుజం నా మాట వినడం మానేసింది. ఆ సంగతి సిర్కాకి కూడా చెప్పలేదు. కొంచెం కొంచెంగా తడుపుతూ, ఉతుకుతూ పోయి ఉంటే ఏదో ఒకలా గట్టెక్కేదాన్నేమో. నేనేమో అలవాటు కొద్దీ మొత్తం తివాచీని ఒక్కసారే తొట్టిలో ముంచేశాను. సబ్బు పోసి, బ్రష్షుతో తోమి, జాడించేసరికి గంటన్నర పట్టింది. నీళ్ళు వదిలేసి అంచు పట్టుకుని లాగితే, కదల్లేదు.

సిర్కా అల్లిక పక్కన పెట్టి వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి జానెడు ఎత్తామో లేదో, జారి మళ్ళీ తొట్టిలో పడింది. నీళ్ళు పిండే రోలర్లు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. ఆ నాలుగడుగులూ నాకు చాలా దూరమనిపించాయి.

పక్క తొట్టి దగ్గరున్న గడ్డపాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“నేను ఎత్తనా అండీ?”

“అక్కర్లేదు,” అన్నాను.

“ఎత్తనీ వదినా! ఎందుకంత పౌరుషం?”

“ఇవాళ ఈయన ఎత్తుతాడు. ఇంటి దగ్గర దులిపేటప్పుడు ఎవరెత్తుతారు? రోజూ ఈయన్నే పిలవనా?”

ఆయన ఓ చిన్న నవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. నేను తొట్టి గట్టు మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. దీన్ని ఒక్కతే ఎత్తి ఆరేసి, ఆ ఊపులో సిర్కావి కూడా ఎత్తిపెట్టిన మనిషి ఒకతె నాలో ఉండేది. పడినప్పట్నుంచీ ఆవిడ తిరిగొస్తుందని చూస్తున్నాను. చూసి చూసి విసుగొచ్చింది. ఆవిడ ఇక రాదు. ఈ చేతులతోనే నేను ఇంటికి వెళ్ళాలి.

“నీ ఊలు సంచిలో కత్తెర ఉందా?”

“ఉంది. ఎందుకు?” అంటూ ఇచ్చేసింది. ఇచ్చాక అర్థమైంది దానికి. “వదినా! మతి గానీ పోయిందా?”

నాన్న కోటు మాత్రం తెగకూడదు. అది అయిపోయి నీలం మొదలయ్యే చోట, జానెడు మేర పేలికలు లాగేసి, లోపల నిలువునా పోయే పడుగు దారాలు బయటపెట్టాను. సరిగ్గా వాటి మధ్యలో కత్తిరించాను. ఒక్క బిగిన ఆ అంచుదాకా పోయాను. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

దారాలను నాలుగేసి కలిపి ముడులు వేయాలి. లేకపోతే నేసిందంతా ఊడిపోతుంది. ముడులు వేళ్ళ పని, నా వేళ్ళకింకా ఏమీ కాలేదు. ఒక ముక్క కొస నేను, రెండో ముక్క కొస సిర్కా పట్టుకుని కూర్చున్నాం.

“మీ అమ్మ చూస్తే ఏమనేదో,” అంది సిర్కా ముడి బిగిస్తూ.

“తిట్టేది. తిట్టి, నువ్వు వేసిన ముడులన్నీ విప్పించి మళ్ళీ వేయించేది.”

సిర్కా పడీపడీ నవ్వింది. ముక్కు తుడుచుకుంటూ నేనూ నవ్వాను.

ముడులయ్యేసరికి సాయంత్రం ఆరు దాటింది. లేచి మొదటి ముక్క పట్టుకున్నాను. సగం తివాచీ కూడా బరువే. భుజం కలుక్కుమంది. అయినా తొట్టి అంచుదాకా లేచింది, అంచు దాటింది, నాలుగడుగులూ నాతో వచ్చి రోలర్ల మీద పడింది. నిలబడి కాసేపు ఊపిరి పీల్చుకున్నాను.

“వచ్చే ఏడు ఈ సగం కూడా లేవకపోతే?” అంది సిర్కా. ఈసారి దాని గొంతులో వెటకారం లేదు.

“మళ్ళీ కోస్తాను,” అన్నాను. “ఇప్పుడైతే లేచిందిగా. ఆ రోలర్ల పిడి తిప్పు.”