ఒంటిచేత్తో పట్టలేని పుస్తకం

మూడో కుర్చీ కింద తడిగుడ్డతో తుడిచి, నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది ఆయమ్మ. డయాలసిస్ వార్డులో ఆమెకది పంతొమ్మిదో ఏడు. పొట్టి మనిషి. మడమలు పగిలి, వేళ్ళ సందులు మందునీళ్ళకు తెల్లగా పాలిపోయి ఉంటాయి. హాజరుపట్టీలో తప్ప ఆమె సొంత పేరు ఇంకెక్కడా వినబడదు.

తుడవడం అయ్యాక చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, బాగా ఆరనిచ్చి, బీరువాలోంచి పుస్తకం తీసింది. ఏ కాలానిదో ఒక ఫ్రెంచి సాహస నవలకు అనువాదం. పదకొండు వందల పేజీలు.

పుస్తకం, డయాలసిస్‌కి వచ్చే పెద్ద టీచరమ్మది. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు, ఒక చేతికి సూదులు గుచ్చించుకుని కదలకుండా కూర్చోవాలి. అంత లావు పుస్తకాన్ని రెండో చేత్తో మోయడం ఆవిడ వల్ల కాలేదు. మొదట్లో ఆయమ్మ పట్టుకుని నిలబడేది. తర్వాత పేజీలు తిప్పేది. ఒకరోజు టీచరమ్మ కళ్ళు మంటలంటే, ఎప్పుడో అటకెక్కిన ఏడో తరగతి చదువును దింపి, కూడబలుక్కుంటూ తానే చదివింది.

"శపథంలో ఒత్తు మింగేశావు," అంది టీచరమ్మ.

అలా ఒత్తులు దిద్దించుకుంటూనే ఎనిమిది నెలల్లో ఏడువందల పేజీలు దాటింది. పక్క కుర్చీలో కూర్చునే బస్సు డ్రైవరు కూడా వినడం మొదలుపెట్టాడు. నమ్మినవాడే కథానాయకుణ్ణి జైలుపాలు చేసినప్పుడు ఆయన పళ్ళు నూరాడు. కత్తియుద్ధం వస్తే మిషను కూత పెట్టేది.

"ఆ యుద్ధాలు కాస్త తగ్గించండి, ఈయన బీపీ లేస్తోంది," అని సిస్టర్ విసుక్కునేది.

"విందులు కూడా వదిలెయ్," అనేది టీచరమ్మ. "మన నోటికి రాని తిళ్ళు మనకెందుకు?"

ఆ బుధవారం డ్రైవరు చక్రాల కుర్చీలో వచ్చాడు. కాళ్ళు దిమ్మల్లా ఉబ్బాయి.

"ఆయమ్మా, ఇవాళ ఆఖరి పేజీలు చదివెయ్. ఇంకా నాలుగొందల పేజీలంటే నా ట్యాంకులో అంత డీజిలు లేదు."

"వెనకనుంచి చదవడమేంటండీ," అంది టీచరమ్మ. "వాకిలుండగా చూరులోంచి దిగినట్టు. వీల్లేదు."

ఆయమ్మ ఆ పూట ఎప్పటిలా ఆగినచోటు నుంచే చదివింది. టీచరమ్మ సూదులు తీయించుకుని ఇంటికి వెళ్ళాక డ్రైవరు కుర్చీ చుట్టూ తెర లాగింది. ముగింపు తెలుసుకోవాలని తనకెంత ఆత్రంగా ఉన్నా ఇన్నాళ్ళూ ఒక్క పేజీ ముందుకు తొంగిచూడని మనిషి, పుస్తకాన్ని చివర్న తెరిచింది. గొంతు తగ్గించి, పదిహేను పేజీలు ఏకబిగిన చదివింది. కథానాయకుడు చేజిక్కిన పగవాణ్ణి ఒడ్డున దింపి, పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"వదిలేశాడా," అన్నాడు డ్రైవరు. "నేనైతే వదలను." ఉబ్బిన కాళ్ళు సర్దుకుని, "ఏమోలే. అంత దూరం వెళ్ళొచ్చినవాణ్ణయితే నేనూ వదిలేద్దునేమో," అన్నాడు. తర్వాత ఆమె వంక చూసి, "ఒక్కచోటా తడబడలేదు నువ్వు. కొండదారి మలుపుల్లో నిండు బస్సు తోలినట్టు చదివావు," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆ మాటను ఆమె పదిసార్లు తలుచుకుంది.

శుక్రవారం టీచరమ్మ కవ్వించింది. "ముగింపు ఏమై ఉంటుందంటారు?"

"నాకేం తెలుసండీ. మన చదివే ఆవిణ్ణి అడగండి," అన్నాడు డ్రైవరు, కన్నయినా ఆర్పకుండా.

చదివే ఆవిడ. ఆయమ్మ వీపు దానంతటదే నిటారైంది.

సోమవారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

"నిన్న మధ్యాహ్నం ఇంట్లోనే, నిద్రలో పోయాడట," అంది సిస్టర్.

టీచరమ్మ ఖాళీ కుర్చీ వైపు చూసి తల దించుకుంది. "ముగింపు వినకుండానే పోయాడు. నేనే అడ్డుపడ్డాను," అంది.

"విన్నారమ్మా. తెర వేసి నేనే చదివాను."

టీచరమ్మ తలెత్తి చూసింది. ఆయమ్మ తిట్లకు సిద్ధపడింది.

"విని ఏమన్నాడు?"

"అది మీకిప్పుడు చెప్పనమ్మా. మధ్యలో నాలుగొందల పేజీలున్నాయి."

టీచరమ్మ పెదవులు వణికి, నవ్వులోకి తిరిగాయి. "అయితే చదువు," అని కళ్ళు మూసుకుంది.

ఆయమ్మ నిలబడి, వార్డంతా వినబడేలా చదవసాగింది. ఖాళీ కుర్చీ పక్క బల్లమీద డ్రైవరు శుక్రవారం మరిచిపోయిన స్టీలు గ్లాసు ఉంది. పూటకు ఇంతకు మించి తాగకూడదని ఆయన మేకుతో గీసుకున్న గీత కిందే, నీళ్ళు ఇంకా రెండు గుక్కలు మిగిలి ఉన్నాయి.