నీళ్లు పడని బావి

ఖానాపూర్ అవతల, కడెం వాగు వంపు తిరిగే చోట ఉన్న ఊళ్లో హనుమండ్లు ఒంటరిగా ఒక బావి తవ్వుతుండేవాడు. పోలీస్ యాక్షన్‌కు ముందు అతను దొర గడిలో మనిషి. వెట్టికి రానివాళ్లను పట్టి తెచ్చేదీ అతనే, కొట్టేదీ అతనే. ఊరి చివర వాడలోని దశరథం ఒకసారి జ్వరంతో ఉండి పనికి రాలేనన్నాడు. హనుమండ్లు కొట్టిన దెబ్బలకు మంచం పట్టి మళ్లీ లేవలేదు. అతని భార్య యాదవ్వ అప్పటికి ఇంకా పడుచుపిల్ల.

తర్వాత దొర హైదరాబాదుకు పోయాడు. గడిలో గబ్బిలాలు చేరాయి. హనుమండ్లును ఎవరూ ఏమీ అనలేదు, పలకరించనూ లేదు. ఆ రోజుల్లోనే అంతయ్య అనే పాస్టరు సైకిల్ మీద వచ్చి వాడలో ప్రార్థన పెట్టేవాడు. యాదవ్వ కూడా వచ్చి కూర్చునేది. హనుమండ్లు గోడవతల నిలబడి వినేవాడు. పాపుల కోసం దేవుని కొడుకు ప్రాణం పెట్టాడనీ, క్షమాపణ ఉత్తగనే దొరుకుతుందనీ అంతయ్య చెబుతుంటే అతని లోపల ఏదో కదిలేది. నమ్మాడు. కానీ ఆ ‘ఉత్తగనే’ అన్న మాట ఒక్కటి గొంతు దిగలేదు.

బాప్తిస్మం ఇస్తానని అంతయ్య పిలిస్తే ఒప్పుకోలేదు. ఎండాకాలం వాడ ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమెలు తీసి నీళ్లు తెచ్చుకుంటారు, వాళ్లకొక బావి తవ్వి ఇస్తాను, నీళ్లు పడిన నాడు నన్ను వాగులో ముంచు అన్నాడు. బావి తవ్వడం మంచిపనే గానీ దేవుడు దాని కోసం ఆగి లేడని అంతయ్య ఎంతో నచ్చజెప్పాడు. హనుమండ్లు వినలేదు.

ఏండ్లు గడిచాయి. మట్టి పోయి మొరం వచ్చింది, మొరం పోయి రాయి వచ్చింది. నీళ్లు రాలేదు. యాదవ్వ కుండ ఎత్తుకుని ఆ బావి గడ్డ మీదుగానే పోయేది. ఒక్కనాడూ లోపలికి తొంగి చూడలేదు. ఆమె కడియాల చప్పుడు వినిపిస్తే అతను గడ్డపార ఆపి, అది దూరమయ్యేదాకా తల వంచుకుని నిలబడేవాడు.

ఇప్పపూలు రాలే కాలంలో ఒక మధ్యాహ్నం బావి ఒక పక్క కూలింది. నిచ్చెన విరిగింది. మొరం హనుమండ్లును నడుము దాకా కప్పేసింది. దాని కింద ఒక కాలు ఎముక విరిగింది.

నొప్పి మొదట నిప్పులా ఉంది. తర్వాత అది ఎక్కడో దూరాన ఎవరికో అవుతున్నట్టు అనిపించింది. పైన ఆకాశం గుండ్రంగా, నీలంగా తేలుతోంది. ఒక తెల్లమబ్బు దాని అంచుకు చేరి కదలకుండా నిలిచింది. ఇప్పపూల తీపి వాసన మెల్లగా దిగివచ్చి పచ్చి మట్టి వాసనలో కలిసింది. అతను అరవలేదు. అరవాలని అనిపించలేదు.

ఎప్పుడో చచ్చిపోయిన దశరథం వచ్చి పక్కన కూర్చున్నాడు. అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. హనుమండ్లు అతనికి నీళ్లు ఇవ్వాలని దోసిలితో తోడాడు. మట్టి వచ్చింది. మళ్లీ తోడాడు. మళ్లీ మట్టే. తోడిన కొద్దీ గుంట లోతవుతోంది, దశరథం పొగమంచులోకి పోతున్నట్టు దూరమవుతున్నాడు. ఆగు, ఇంకొంచెం తవ్వితే నీళ్లు పడతాయని చెప్పబోయాడు.

అప్పుడు ఆకాశానికి ఒక మనిషి అడ్డం వచ్చింది.

లేచిన దుమ్ము చూసి యాదవ్వ కుండ దించి వచ్చింది. ఆమె కేకకు వాడ మగవాళ్లు మోకుతాడు తెచ్చారు. గోడ ఇంకా జారుతోంది, బరువైనవాళ్లు దిగితే మొత్తం కూలుతుందన్నారు. యాదవ్వ మోకు నడుముకు కట్టుకుంది. వద్దన్నా వినకుండా దిగింది. దిగి, చేతులతో మొరం తోడటం మొదలుపెట్టింది.

“నన్నిడిసిపెట్టు యాదవ్వా,” అన్నాడు హనుమండ్లు. “నీళ్లు పడలే. బావి గాలే.”

ఆమె తోడుతూనే ఉంది.

“దశరథాన్ని సంపింది నేనే.”

“ఎర్కనే. ఆయన యాదికి రాని దినం లేదు. నిన్ను జూస్తే ఇప్పటికీ నా కడుపు మండుతది.” ఆమె చేతులు ఆగలేదు. “గీ బావి తవ్వమని నేను నిన్ను అడగలే.”

“మరెందుకు దిగినవ్?”

యాదవ్వ ఇంకో దోసెడు మొరం పక్కకు తోసింది. “ప్రభువు నాకోసం దిగిండు గదా. నేనేం జేసి పెట్టిననని? ఉత్తగనే దిగిండు. గది తీసుకొని, నిన్ను గిట్ల ఇడిసి పోతే నేను ఇంటికాడ ఎట్ల కూసుందు?”

అతని కాళ్లు బయటపడ్డాక తన నడుము మోకు విప్పి అతని చంకల కింద కట్టింది. పైవాళ్లు లాగారు. హనుమండ్లు ఊరుకోలేకపోయాడు. గోళ్లతో గోడను పట్టుకుని ఎక్కబోయాడు. రాళ్లు జారి కింద యాదవ్వ భుజం మీద పడ్డాయి.

“చేతులు తియ్యి, హనుమండ్లన్నా,” అంది ఆమె. “నువ్వేం జెయ్యకు. బరువంత మోకు మీద ఎయ్యి.”

అన్నా అన్న ఆ పిలుపుకు అతని వేళ్లు వాటంతట అవే వదులయ్యాయి. చేతులు పక్కలకు వాలాయి. అతను నిద్రలో ఉన్న పసివాడిలా తల వాల్చి పైకి తేలిపోయాడు. చీకటి బూడిద రంగైంది, బూడిద రంగు తెలుపైంది. తాను ఏమీ చేయటం లేదు, అయినా వెలుగు దగ్గరికొస్తోంది. కళ్ల నుంచి కారిన నీళ్లు తుడుచుకోవాలని కూడా అనుకోలేదు. అతన్ని గడ్డ మీద పడుకోబెట్టి మోకు మళ్లీ వదిలి, యాదవ్వనూ తీశారు.

ఆ బావిలో నీళ్లు పడనే లేదు. హనుమండ్లు మళ్లీ గడ్డపార ఎత్తలేదు. తొలకరి పడ్డాక ఒక తెల్లవారుజామున, కాలి కట్లు ఇంకా విప్పకముందే, వాడ మగవాళ్లు అతన్ని మంచం మీద మోసుకుని వాగుకు తెచ్చారు. కొత్తగా పారుతున్న నీళ్లలో అంతయ్య అతన్ని ముంచి లేపాడు. నిలబడలేని మనిషిని చుట్టూ అందరూ పట్టుకున్నారు.

తర్వాత యాదవ్వ ఇంటి ముందు అందరికీ జొన్న గట్క, పచ్చిపులుసు వడ్డించారు. హనుమండ్లు ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. ఆ వాడలో అతను ఎన్నోసార్లు ఎన్నో లాక్కున్నాడు గానీ, ఏదీ అడిగి ఎరగడు. ఖాళీ ఆకును ముందుకు జరిపాడు.

“జర ఇంకింత పెట్టు, యాదవ్వా,” అన్నాడు.

ఆమె పెట్టింది.