అనుభవం: లేదు

"మన షాపే కదా, మనకి జ్వరాలేంటే!" అన్నాడాయన ఒకసారి, ఆమె ఒళ్ళు కాలిపోతున్న రోజున. నవ్వుతూనే అన్నాడు. కోపంగా అంటే ఆమె కూడా నాలుగు అనేది. నవ్వుతూ అనేవాణ్ణి ఏమంటాం? లేచి వెనక గదిలోకెళ్ళి సానచక్రం తిప్పింది. ఆ సాయంత్రానికి ఇస్తామన్న మూడు జతల అద్దాలూ అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, తుడిచి, ముందు గదిలో పెట్టి వచ్చి పడుకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, ఏ ఇంట్లో లేనిది?

కళ్ళజోళ్ళ షాపు వాళ్ళది. వాళ్ళదంటే ఆయనది. పెళ్ళైన కొత్తలో ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. పై అధికారి పదిమందిలో ఏదో అన్నాడని ఆ పూటే రాజీనామా ముఖాన కొట్టి ఇంటికొచ్చాడు. "ఇంకొకడి కింద చేసేది లేదు, చస్తే లేదు" అన్నాడు. ఆ రోజు ఆమెకి ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో! నిజం చెప్పుకోవాలి కదా, ఆ గౌరవం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. షాపు పెట్టాక ఆయన మీద అధికారి అన్నవాడు లేడు. కునుకొస్తే కునుకు, స్నేహితుడొస్తే కబుర్లు. వచ్చినవాళ్ళు 'డాక్టరుగారూ' అంటే ఆయన కాదనడు. వెనక గదిలో ఉండే ఆమెకి మాత్రం 'లోపలామె' అని పేరు పడింది. "లోపలామెనడిగి చెప్తాను, కూర్చోండి" అనేవాడు ఆయనే. అత్తగారు చుట్టాలొచ్చినప్పుడల్లా "మావాడు ఒంటిచేత్తో నెట్టుకొస్తున్నాడమ్మా షాపుని" అని మురిసిపోయేది. ఆ మాట వింటూనే లోపలామె అందరికీ టీలు అందించేది.

అద్దాల పవర్ చూసే మిషను ఎనిమిదేళ్ళ కింద పాడైంది. బాగుచేయిద్దామంటే, "నీ కళ్ళుండగా మిషనెందుకోయ్!" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని పొంగిపోయింది, పిచ్చిమొహం. అప్పట్నుంచీ అద్దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, దాంట్లోంచి కిటికీ ఊచని చూస్తూ, అటూ ఇటూ జరపడమే. అద్దంతోపాటు ఊచ కూడా అటే జరిగినట్టు కనిపిస్తే మైనస్, ఎదురు జరిగితే ప్లస్. ఎంత వేగంగా జరుగుతోందన్నదాన్ని బట్టి ఎంత పవరో తెలుస్తుంది. అది అందరికీ తెలుస్తుందనే ఆమె అనుకుంది. కూర గరిటెతో తీసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం లాంటిదనుకుంది.

కంటాసుపత్రివాళ్ళు సొంతంగా అద్దాల విభాగం పెట్టి పనికి మనుషుల్ని తీసుకుంటున్నారని కూతురు ఫారం తెచ్చింది. కాలేజీకెళ్ళే పిల్ల, తల్లి చేతుల వంక కాస్త పరీక్షగా చూడ్డం ఈమధ్యే మొదలుపెట్టింది. "మీ అమ్మకి ఉద్యోగమా! ఇలా తే, నేను నింపుతా. సరదాగా వెళ్ళి రానీ" అన్నాడు తండ్రి. వృత్తి: గృహిణి. అనుభవం: లేదు. ఎగతాళికి రాయలేదండీ, అదీ వింత! కలం ఆపలేదు, ఆలోచించలేదు, ఆమె ఊరు రాసినంత తేలిగ్గా రాసేశాడు. ఇంకా వింతేమిటంటే, ఆమె కూడా అంతా చదివి, దస్తూరి బాగుందనుకుని సంతకం పెట్టింది.

ఆసుపత్రిలో పరీక్ష పెట్టినావిడ జుట్టు పూర్తిగా నెరిసిన పెద్ద టెక్నీషియను. పది అద్దాలు, పది కాగితం కవర్లు ఇచ్చి, "పవర్ చూసి రాయమ్మా" అంది. బల్ల మీద కొత్తరకం మిషను ఉంది. దాన్ని ఎక్కడ నొక్కాలో ఆమెకి తెలీదు. అడగడానికి నోరు రాలేదు. ఇంటికి పోదామా అనిపించింది కూడా. చివరికి మొదటి అద్దం తీసుకుని మెల్లగా కిటికీ దగ్గరికి నడిచింది.

"ఏంటమ్మా, పని మానేసి వీధి చూస్తున్నావ్?"

"లేదండీ, ఊచ చూస్తున్నా. మైనస్ రెండున్నర."

పెద్దావిడ కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసి, ఆ అద్దాన్ని మిషనులో పెట్టింది. రెండోది ఇచ్చింది.

"ప్లస్ ఒకటీ పావు. దీన్ని తిప్పుతుంటే ఊచ వంకరపోతోందండీ, సిలిండర్ పవర్ కూడా ఉంది. అర ఉంటుంది."

మూడోది. నాలుగోది. అయిదో అద్దానికి పక్క గదిలో పనిచేసేవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి వచ్చారు. తెల్లకోట్లవాళ్ళు అంతమంది నిశ్శబ్దంగా నిలబడి తన చేతినే చూస్తుంటే, ఆమె కూడా మొదటిసారి దాన్ని చూసింది. వేళ్ళ చివర్లు సానరాయికి అరిగి నున్నగా మెరుస్తున్నాయి. ఎవరివో అన్నట్టున్నాయి ఆ వేళ్ళు. ఇవి ఎప్పుడు నేర్చాయి ఇదంతా? తొమ్మిదో అద్దానికి పావు తేడాతో తప్పు చెప్పింది.

"హమ్మయ్య, మనిషివే!" అంది పెద్దావిడ. గది గదంతా నవ్వింది. ఆమెకీ నవ్వొచ్చింది, దాంతోపాటు కన్నీళ్ళూ వచ్చాయి.

"ఎక్కడ పనిచేశావమ్మా?"

"షాపుందండీ మాకు."

"నీదా?"

సులువైన ప్రశ్నే. ఆమె చేతిలో అద్దాన్ని కవర్లో పెట్టింది. "మా ఆయనదండీ" అంది.

"జీతం ఎంతిచ్చేవాడు?"

"అయ్యో, ఇంట్లోవాళ్ళకి జీతమేంటండీ!" అంది కంగారుగా, ఆయన్ని ఎవరో ఏదో అన్నట్టు. పెద్దావిడ ఆ సంగతి ఇంక అడక్క, "ఎన్నేళ్ళు?" అంది. ఇరవై ఒకటి అని చెప్పగానే ఫారంలో 'లేదు'ని కొట్టేసి, పక్కన 'ఇరవై ఒక్క సంవత్సరాలు' అని రాసి, కింద తన సంతకం పెట్టింది.

తర్వాత విభాగమంతా తిప్పి చూపించింది. ఎత్తు తగ్గించుకునే కుర్చీలు, బల్లబల్లకీ ఒక దీపం. ఒంటిగంటకి గంట మోగింది. మోగిందో లేదో అందరూ చేతిలో పని చేతిలోనే వదిలి లేచారు! ఒకమ్మాయి అరగదీస్తున్న అద్దం సగంలో ఉంది, ఆ అమ్మాయి దాన్ని బల్ల మీద పెట్టి నవ్వుకుంటూ భోజనానికి వెళ్ళిపోయింది. ఎవరూ కసరలేదు. లోపలామె గుమ్మంలో నిలబడి ఆ సగం అద్దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఏడాదికి ఇన్ని రోజులు సెలవు, జబ్బు చేస్తే ఇన్ని రోజులు, ఆ రోజులకీ జీతం అని పెద్దావిడ చెబుతుంటే, "పని చేయకపోయినా ఇస్తారా అండీ?" అని రెండుసార్లు అడిగింది.

"ఇక్కడా పోరు ఉంటుందమ్మా, మీదవాళ్ళ మాటలు పడాలి. స్వర్గమనుకోకు" అంది పెద్దావిడ. "సోమవారం రాగలవా?"

మధ్యాహ్నానికి షాపు చేరేసరికి ఆయన తిరిగే కుర్చీలో ఉన్నాడు. ఆసుపత్రివాళ్ళిచ్చిన ఉద్యోగం ఉత్తరం చదివి నవ్వాడు. రెండోసారి చదివినప్పుడు నవ్వలేదు.

"అదేమన్నా సుఖమనుకున్నావా? టైముకి వెళ్ళాలి, టైముకి రావాలి. ఒకడు రమ్మంటే రావాలి, పొమ్మంటే పోవాలి. నేను పడలేకే కదా వదిలేసింది! ఇక్కడ మనకి మనమే రాజులం."

"అవునండీ" అంది ఆమె. ఆయన మటుకు రాజే, అందులో అబద్ధం లేదు.

"అమ్మకి ఏం చెప్పను? నలుగురూ ఏమనుకుంటారు? అయినా ఇదంతా నీది కాదా చెప్పు!" అని బీరువాల వైపు చెయ్యి ఊపాడు.

ఆమె ఆ బీరువాల వంక చూసింది. ఇరవై ఒక్కేళ్ళుగా ఆ మాటకి కరిగిపోతూనే వచ్చింది. ఇప్పుడూ లోపల ఏదో మెత్తబడింది. ఈ మనిషిని ఒంటరిగా వదిలి ఎలా పోవడం? పోనీ, ఒక దారి చెబుదామనుకుంది.

"ఎవరినైనా పనికి పెట్టుకోండి. నేను ఆదివారాలు వచ్చి నేర్పుతాను."

"ఎవర్ని పెట్టుకోనే!" ఆయన గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. కోపం కాదు, భయం. "సాన పట్టడానికి ఒకడు కావాలి. ఫ్రేములు బిగించేవాడు వేరు. పవర్ చూసేవాడు దొరకనే దొరకడు, దొరికినా నిలవడు. పొద్దున్నే తెరిచి ఊడ్చడానికి ఇంకో మనిషి. నలుగురికి జీతాలు పోస్తే షాపు మూసుకోవడమే! ఇదేం షాపే, జీతాలిస్తే నడిచే షాపా ఇది?"

అనేశాక ఆగాడు. నోట్లోంచి వచ్చింది తనకే వినపడ్డట్టుంది. బయట ఎవరో 'డాక్టరుగారూ' అని పిలిచారు. ఆయన పలకలేదు.

ఆమెకి కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది కూడా. నలుగురు! ఆయన వేళ్ళు మడిచి మరీ లెక్కపెట్టిన ఆ నలుగురినీ తలుచుకుని ఆమె నిలువునా ఆశ్చర్యపోయింది. అందరూ ఇన్నేళ్ళూ ఒక్క చీరలో, ఒక్క గదిలో, ఒక్కరి అన్నం తిని బతికారు.

"సోమవారం నుంచి మేం రామండీ" అంది.